కుంటి తాళం

పోశమ్మ లేవలేదు.

పొద్దున ఏడింటికి వాళ్ల కరెంటు మగ్గం, సాంచా ముందు పలక మీదికెక్కి కూర్చున్న మనిషి, తొమ్మిదైనా అక్కడే ఉంది. చాయ్ తాగలేదు, తల దువ్వుకోలేదు. గల్లీలో టెంపో అడ్డంగా నిలబడి ఉంది. దాని వెనక ఇరుక్కుపోయిన షేర్ ఆటోలు ఒకటే హారన్ కొడుతున్నాయి. మరమగ్గాల బస్తీ లింబాయత్‌లో ఆ గల్లీ వెడల్పు తెలిసినవాడెవడూ అక్కడ టెంపో నిలపడు. కానీ ఇవాళ్టి సంగతి వేరు. సాయంత్రం ఏడింటికి 'సాంచా' బ్యాండు మొట్టమొదటిసారి సొంత ఊళ్లో, పెద్ద మైదానంలో పాడబోతోంది. ఆ బ్యాండుకు పేరిచ్చిన మగ్గం కూడా వేదిక ఎక్కాలి.

అది ఎక్కాలంటే ముందు దాని మీదున్న పోశమ్మ దిగాలి.

"అమ్మా, లేవే," అన్నాడు క్రాంతి, ఐదోసారో ఆరోసారో. "టెంపోవాలా రెండు గంటల సంది ఆగిండు. పదింటికల్లా గ్రౌండ్ల ఉండాలె. ఓంప్రకాష్ భాయ్ ఫోన్ మీద ఫోన్ చేస్తుండు."

"చెయ్యనీ."

"నీకేం గావాలెనో అది చెప్పు."

"దీన్ని బాగు చేపియ్యి. గప్పుడు దిగుత."

"అది బాగనే ఉన్నది."

"బాగుంటె కుంటుతదారా?"

క్రాంతి మొహం తిప్పుకున్నాడు. ఆ కుంటు మీదే కదా వాళ్ల అదృష్టం నడిచొచ్చింది! నాలుగేళ్లు గణపతి మండపాల్లో, పెళ్లిళ్లలో, కాలేజీ ఫంక్షన్లలో చెమటలు కక్కుతూ వాయించినా పట్టించుకున్న నాథుడు లేడు. ఎనిమిది నెలల కింద ఒక మధ్యాహ్నం, ఈ రేకుల షెడ్డులో తండ్రి నడుపుతున్న సాంచా చప్పుడును క్రాంతి ఫోన్‌లో ఎక్కించాడు. ఒక దెబ్బ సరిగ్గా, రెండో దెబ్బ రవ్వంత ఆలస్యంగా. ఆ తాళం మీద డ్రమ్ములు కట్టాడు, మనోజ్ఞ పాడింది, ఆదర్శ్ గిటార్ పట్టాడు. నెల తిరగకుండా ఆ వీడియో దేశమంతా తిరిగింది. పుణె, ముంబై, హైదరాబాద్, ఎక్కడికి పోయినా జనం ఆ రెండో దెబ్బకు ముందున్న సందులో చప్పట్లు కొట్టడం నేర్చారు.

పోశమ్మ మాత్రం ఆ సందును ఎనిమిది నెలలుగా కొలుస్తూనే ఉంది. ముప్పై ఏళ్లుగా సాంచాల పక్కన కూర్చుని, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టిన మనిషి. సాంచా తుమ్మినా దగ్గినా ఆమెకు తెలుస్తుంది. మొదట్లో ఆ సందులో కంటిరెప్ప కూడా పట్టేది కాదు. ఇప్పుడు ఒక ఊపిరి పడుతోంది.

"ఎడమ దిక్కు నాడెను తన్నే కర్ర సడలింది," అంది ఆమె. "నాడె పోగు పట్టుకొని ఇటు నుంచి అటు పోవాలంటే తడవైతున్నది. ఏదో దినం అటు చేరకముందే పోగుల నడుమ తొవ్వ మూసుకుంటది. మూసుకుంటె అది యాడికి పోవాలె? గాలిలకు ఎగురుతది. ఎగరకుండ అడ్డముండె ఇనుప కడ్డీ సుత తీసిపారేస్తిరి, వీడియోల నాడె మంచిగ కానొస్తలేదని."

సాంచా కాళ్ల దగ్గర బోల్టులు విప్పడానికి కూర్చున్న మాస్టర్ పరుశురాం పానా కింద పెట్టాడు. ఆ గల్లీలో ఏ సాంచా మూలిగినా వైద్యం చేసేది ఆయనే.

"వదినె చెప్పేది నిజమే," అన్నాడు నేల చూస్తూ. "రెండు నెలల కిందనే నేను కొత్త తోలు పట్టీ పట్టుకొని వచ్చిన. క్రాంతే వద్దన్నడు."

పోశమ్మ కొడుకు వైపు తిరిగింది. బయట హారన్లు ఆగలేదు.

"వద్దన్నవా?" అంది పోశమ్మ మెల్లగా.

"బాగైతె పాట పోతదే అమ్మా!" క్రాంతి గొంతు పెరిగింది. "నీకు సమజ్ ఎందుకైతలేదు? ఆ కుంటే మా పాట. దాన్ని సరిజేస్తె ఊళ్లె ఉన్న లక్ష సాంచాలల్ల ఇదొకటి. దేనికి చప్పట్లు కొడ్తరు?"

పోశమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. పక్క గల్లీలో కాకి అరిస్తే బయటికి పోనీయకుండా పెంచుకున్న కొడుకు. వాడే, తెలిసి తెలిసి, రోగాన్ని కాపాడుకుంటూ వచ్చాడు. ఆమెకు కోపం కంటే ముందు భయం వేసింది.

అప్పుడే లోపలి గదిలోంచి అంబదాస్ బయటికొచ్చాడు.

జుట్టుకు నల్లరంగు, ఒంటి మీద బ్యాండువాళ్లు కుట్టించిన నల్ల కుర్తా, గుండె మీద తెల్ల అక్షరాలతో 'సాంచా'. పెళ్లినాడు కూడా ఆయన అంత ముస్తాబు కాలేదు. అంబదాస్ చెవులు పూర్తిగా పోయి ఆరేళ్లయింది. ముప్పై ఐదేళ్ల సాంచాల మోత ఊరికే పోతుందా? మాట పెదవుల మీద చదువుతాడు, మిగిలింది చేతుల మీద. దేశమంతా విన్న పాటను ఆ ఇంట్లో ఆయన ఒక్కడే వినలేదు. అయినా ఆ పాట వచ్చిందగ్గర్నుంచి పాన్ డబ్బా దగ్గర 'ఉస్తాద్' అని పిలుస్తున్నారు, కాలేజీ పిల్లలు గుమ్మం ముందు ఆగి ఫోటో దిగుతున్నారు. ముప్పై ఐదేళ్లు సేఠ్‌లెవరికీ ఆయన పేరు కూడా తెలియదు. అందుకే ఆ కుర్తాను ఆయన నిన్నటి నుంచి మూడుసార్లు ఇస్త్రీ చేయించాడు.

"ఏందే నీ లొల్లి?" అన్నాడు. వినపడని మనిషి మాట కదా, గల్లీ అంతటికీ వినపడింది.

పోశమ్మ ఎడమవైపు కర్రను చూపించింది. అరచేతి మీద రెండు వేళ్లు పెట్టి కుంటించింది.

అంబదాస్ నవ్వాడు. చెయ్యి సాంచా ఒంటి మీద ఆనించాడు. "దీని నాడి నాకెరుక లేదా? చెయ్యి పెడితె చెప్తది నాకు. నువ్వు కూసుంటె కూసో. నడిపి చూపెడ్త." అంటూ నడిపే పిడి మీద చెయ్యేశాడు.

పోశమ్మ లేవలేదు, అరవలేదు. పిడికిలి బిగించి నెత్తిన పెట్టుకుంది.

అంబదాస్ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. సాంచాల షెడ్డులో అరుపులు పనిచేయవు, అక్కడ చేతులే మాట్లాడతాయి. నెత్తిన పిడికిలి అంటే ఒక్కటే అర్థం, ముందు ఆపు, తర్వాత అడుగు. ఎంత బద్ధశత్రువు పెట్టినా ఆ సైగను కాదన్న నేతగాడు లేడు. పరుశురాం కూడా కూర్చున్నచోటి నుంచే రవ్వంత వెనక్కి జరిగాడు.

తర్వాత పోశమ్మ ఆ చేతినే కిందికి దించి, అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది.

అంబదాస్ మొహంలో నవ్వు ఆరిపోయింది.

"తియ్యకు," అన్నాడు. "ఇరవై ఏండ్ల మాట ఇయ్యాల తియ్యకు."

"ఏం మాట?" అన్నాడు క్రాంతి. తల్లి మొహం, తండ్రి మొహం మార్చి మార్చి చూశాడు. "చిరంజీవి మామ కన్ను పోయిన సంగతా? మామ మెట్ల మీద జారిపడ్డడని గదా చెప్పిండ్రు నాకు?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఊరికే అంటారు గానీ, ఆ క్షణాన ఆ ఇంట్లో చెవులున్న పోశమ్మే వినపడనట్టు కూర్చుంది.

అంతలోనే ఓంప్రకాష్, మనోజ్ఞ వచ్చారు. ఓంప్రకాష్ బ్యాండు మేనేజరు. ఎవరి చెప్పుల మీద కాలేసినా 'సారీ భాయ్' అనుకుంటూ ముందుకు పోయే రకం. మనోజ్ఞ హజీరాలో ఇంజినీరు ఆదిశేషయ్య గారి కూతురు, బ్యాండు గొంతు. ఆదర్శ్ గిటార్ సర్దుకుని వెళ్లిపోయిన ఈ ఆరు రోజుల్లో ఆ పిల్ల సరిగ్గా నిద్రపోయినట్టు లేదు.

"మాజీ, ఏమిటిది?" అన్నాడు ఓంప్రకాష్ హిందీలో, రెండు చేతులూ జోడించి. "టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ముంబై నుంచి కంపెనీవాళ్లు విమానం దిగి హోటల్లో ఉన్నారు. పోస్టర్ మీద మీ ఆయన బొమ్మ మీ అబ్బాయి బొమ్మ కంటే పెద్దది!"

పోశమ్మ ఆయన వైపు కూడా చూడలేదు. కొంగున దాచిన ఫోన్ తీసి నంబరు నొక్కింది, స్పీకర్ పెట్టింది. ఇంటి గుట్టు లంకకు చేటని ఆమెకు తెలియక కాదు. ఇక దాచడానికి చోటు లేదు.

"అక్కా, డ్యూటీల ఉన్న," అంది అటునుంచి గొంతు. కడోదరాలో ఒక మిల్లు గేటు దగ్గర చిరంజీవి వాచ్‌మన్. "లారీ వచ్చింది. జల్ది చెప్పు."

"తమ్మీ, క్రాంతి పాట విన్నవారా నువ్వు?"

గేటు ఇనుప చక్రాల మీద దొర్లిన చప్పుడు వినపడింది.

"వినలే."

"దేశమంత విన్నది. మేనమామవు, నువ్వు వినలేదా?"

"సగం దాక విన్న. గేటు కాడ పోరగాండ్లు ఫోన్ల పెడితె లేసి రోడ్డు అవతలికి పోత." గేటు గొళ్లెం పడిన చప్పుడు. "అది పాట కాదక్కా. అది ఆ దినం."

క్రాంతి ముందుకు వంగాడు. "మామా, నేను క్రాంతిని. ఏ దినం?"

"స్పీకర్ పెట్టినవా అక్కా? బావ ఉన్నడా ఆడ?"

"ఉన్నడు. ఆయనకేం వినవడ్తది?"

"వినవడకున్నా సరే. ఆయన ముందల నేను చెప్పను."

"చెప్పు తమ్మీ. ఆ సప్పుడు ఇయ్యాల మా ఇంట్ల ఉన్నది. నీ అల్లుడు దాని పక్కన నిలబడ్డడు."

అటు లారీ హారన్ ఒకసారి మోగింది. తర్వాత చిరంజీవి చెప్పాడు, ఎవరిదో కథ చెబుతున్నంత నిదానంగా.

"సేఠ్ షెడ్డుల బావ సాంచా కుంటవట్టి మూడు దినాలు. నాది దాని పక్కది, ఎడమ దిక్కు. నేను చెప్పిన, అక్క చెప్పింది. ఈ బట్ట తాను దిగినంక మాస్టర్ని పిలుద్దామన్నడు బావ. నాలుగో దినం నా సాంచాల పోగు తెగింది. ముడెయ్యనీకె వంగిన. గంతే బిడ్డా. నడిపెటోనికి ఏం గాదు. నాడె ఎగిరితె నడిపెటోని మీదికి రాదు, పక్కోని మీదికి పోతది. నిలబడ్డోనికి నడుం కాడ తాకుతది. వంగినోనికి..." లారీ మళ్లీ హారన్ కొట్టింది. "లారీ ఆగింది. పోత అక్కా."

ఫోన్ ఆగిపోయింది.

అంబదాస్ ఒక్కొక్కరి మొహమే చదువుతున్నాడు. కొడుకు, మాస్టరు, మేనేజరు, పరాయి పిల్ల. "ఎవలు?" అన్నాడు. "చిరంజీవా?" ఆయన జేబులోంచి గుడ్డ తీసి సాంచా ఇనుము తుడవడం మొదలుపెట్టాడు, అక్కడ దుమ్ము లేకపోయినా.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు క్రాంతి చివరికి.

"చెప్తె నీ బాపు ఈ ఇంట్ల అన్నం తినేటోడు కాదు," అంది పోశమ్మ. "కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తదిరా. నా తమ్ముడే వద్దన్నడు. కన్ను పోయినోడే నోరు మూసుకున్నంక నేనేం తెరుస్త?"

మనోజ్ఞ వచ్చి పోశమ్మ పక్కన నేల మీదే కూర్చుంది.

"ఆంటీ, నేనొకటి చెప్తాను, వినండి. ఆదర్శ్ వెళ్లిపోయాడు. ఇవాళ్టి షో కూడా పోతే మాకు బ్యాండ్ ఉండదు. అది మీ దగ్గర దాచను. కానీ మీరు భయపడేది సాంచాకి కాదు కదా, నాడెకి కదా? నాడె తీసేద్దాం. చప్పుడు మా దగ్గర రికార్డింగ్‌లో ఉంది, లాప్‌టాప్ నుంచి అది వేస్తాం. అంకుల్ ఖాళీ సాంచా నడుపుతారు. జనానికి అది తిరగడం కనిపిస్తే చాలు."

"అది మోసం," అన్నాడు క్రాంతి. "అసలు చప్పుడు వింటమని వస్తున్నరు. చెప్పి పిలిచినం."

"కన్ను పోగొట్టుకోవడం కంటే మోసమే మేలు," అంది మనోజ్ఞ.

ఓంప్రకాష్ ఒకసారి గడియారం చూశాడు, ఒకసారి సాంచా చూశాడు. "ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు భుజాలెగరేసి. ఆయనకు కావలసింది టెంపో కదలడం.

పోశమ్మ చేతిని చాపి ఉంచింది. చివరికి వాడు వచ్చి ఆ అరచేతిలో చెయ్యి వేశాడు. "సరే. లాప్‌టాప్‌లదే పెడ్త. ఒట్టు."

పోశమ్మ తన చేత్తోనే సాంచాలోంచి నాడెను బయటికి లాగింది, కండెతో సహా. మూరకు కాస్త తక్కువ కర్ర, రెండు చివర్లా ఇనుప మొనలు. సంచిలో వేసుకుని జిప్పు లాగింది. అప్పుడు దిగింది. కాళ్లు తిమ్మిరెక్కి మాస్టర్ భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

సంగతి అంబదాస్‌కు చెప్పే పని క్రాంతి మీద పడింది. చేతులతో చెప్పాడు. నాడె లేదు, నువ్వు ఊరికే నడుపు.

"ఒట్టి సాంచనా?" అన్నాడు అంబదాస్. నమ్మలేనట్టు అందరినీ చూశాడు. "ఒట్టి తొట్టెల ఊపుతరా ఎవలన్న? మా తాత నడపలే, మా బాపు నడపలే. ఒట్టి సాంచ నడిపితె ఇంట్ల పిల్లలకు మంచిది కాదని మీకెరుక లేదా? పోశీ, నీకెరుక లేదా?"

పోశమ్మకు ఎరుకే. నేతింట్లో పుట్టిన ఎవరికి తెలియదు? పరీక్షకు నడిపినా కండె వేసి నడుపుతారు, అమావాస్య నాడు ఆపితే నాడెను లోపలే ఉంచి ఆపుతారు. కానీ ఆనవాయితీని ఒకవైపు, తమ్ముడి కంటి గుంటను ఒకవైపు పెట్టి తూచుకుంది. ఆనవాయితీ తప్పితే కులదైవం మార్కండేయుడికి కొబ్బరికాయ కొట్టి చెప్పుకోవచ్చు.

"ఇయ్యాలొక్క దినం," అంది పెదవులు స్పష్టంగా కదుపుతూ.

అంబదాస్ గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. లోపలికి పోయాడు. ఇనుప పెట్టె మూత లేచిన చప్పుడు, పడిన చప్పుడు వినపడ్డాయి. ఊపిరంత సందును కొలిచే పోశమ్మ చెవి ఆ చప్పుడునూ విన్నది. దస్తీ కోసం అనుకుంది.

*

సాయంత్రం మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. పోశమ్మకు ముందు వరుసలో కుర్చీ వేశారు. ఆమెకూ వేదికకూ మధ్య ఇనుప కంచె, కంచె దగ్గర నల్లచొక్కాల కాపలావాళ్లు. వేదికకు రెండువైపులా ఇంటెత్తు తెరలు.

వేదిక మధ్యలో వాళ్ల సాంచా. ఎప్పుడు వేశారో, దానికి ఎర్రరంగు వేశారు. దీపాల కింద అది వాళ్లింటి వస్తువులా లేదు.

రంగును చూసిన కళ్లు పక్కకు జరిగాయి. పోశమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

క్రాంతి డ్రమ్ములు సాంచాకు ఎడమవైపు పెట్టారు. రెండు చేతుల దూరంలో. డ్రమ్ములు వాయించేవాడు కూర్చుంటాడు. కూర్చున్నవాడి తల, వంగినవాడి తల ఒకే ఎత్తున ఉంటాయి. ఇరవై ఏళ్ల కింద చిరంజీవి ఎక్కడున్నాడో, సరిగ్గా అక్కడే ఇవాళ తన కొడుకు కుర్చీ ఉంది.

"భయ్యా, ఒక్క నిమిషం. ఆ డ్రమ్ములు అటు దిక్కు పెట్టమని చెప్పాలె, మా కొడుకుకు చెప్పాలె," అని కంచె దగ్గరికి పోయి హిందీలో బతిమాలింది.

"మాజీ, ఇప్పుడెవరూ లోపలికి పోకూడదు. కూర్చోండి."

ఫోన్ చేసింది. అంత జనంలో ఫోన్ కలవలేదు. మళ్లీ చేసింది. తర్వాత తనకు తానే సర్దిచెప్పుకుంది. నాడె తన దగ్గరే ఉంది కదా, నాడె లేనిది ఏం ఎగురుతుంది? సంచిలో చెయ్యి పెట్టి ఇనుప మొనను తడిమి చూసుకుంది. చల్లగా తగిలింది. కూర్చుంది.

రెండు పాటలయ్యాయి. గిటార్ లేని లోటు మొదటి పాటలోనే తెలిసింది. వెనక నుంచి ఎవరో 'ఆదర్శ్, ఆదర్శ్' అని అరిచారు, ఇంకెవరో ఈల వేశారు. మనోజ్ఞ గొంతు పైకి పోవాల్సినచోట పోలేదు. పోశమ్మకు సంగీతం తెలియకపోయినా, జనం ఫోన్లు చూసుకోవడం తెలుస్తూనే ఉంది. డ్రమ్ముల వెనక క్రాంతి మొహం చిన్నదైపోయింది. ఆ మొహం చూసి, వద్దన్న తానే పాపం చేసినట్టు అనిపించింది ఆమెకు.

మూడోది సాంచా పాట.

అంబదాస్ వేదిక మీదికి వచ్చాడు. జనం ఒక్కసారిగా లేచారు. ఆ హోరు ఆయన చెవిన పడలేదు గానీ, లేచిన చేతులన్నీ కంటబడ్డాయి. కాసేపు అలాగే నిలబడి చూశాడు. ముప్పై ఐదేళ్లు గోడ వైపు తిరిగి పనిచేసిన మనిషి. చూసిన పోశమ్మకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

లాప్‌టాప్‌లోంచి రికార్డు చేసిన చప్పుడు మొదలైంది. ఒక దెబ్బ సరిగ్గా, రెండో దెబ్బ ఆలస్యంగా. మాటకు కట్టుబడ్డాడు కొడుకు. పోశమ్మ ఊపిరి వదిలింది.

అంబదాస్ సాంచా ముందుకొచ్చాడు. ఇనుము మీద చెయ్యి పెట్టాడు, పెట్టి తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఆ చెయ్యి కుర్తా కింద నడుము దగ్గరికి పోయింది. ఇంటెత్తు తెర మీద ఆ చెయ్యి ఒక్కటే కనపడింది. అది బయటికొచ్చేసరికి అందులో ఒక పాత నాడె ఉంది. ఇనుప పెట్టెలో దాచిన, నూనె పెట్టి పెట్టి నల్లబడిన నాడె.

జనం వెర్రిగా అరిచారు. వాళ్లకది ఆటలో భాగం.

పోశమ్మ అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు. కుర్చీ మీదికెక్కింది. పిడికిలి బిగించి నెత్తిన పెట్టుకుంది. కాపలావాడు చెయ్యి పట్టి లాగుతున్నా దించలేదు. చూడు, ఒక్కసారి ఇటు చూడు.

అంబదాస్ చూశాడు.

ఇరవై వేలమందిలో నెత్తిన పిడికిలి పెట్టుకున్న మనిషి ఒక్కతే, ఆమెను ఆయన గుర్తుపట్టకపోవడం ఉండదు. చూపు ఆమె మీద నిలిచింది. పెదవులు ఏదో అన్నాయి. ముప్పై ఏళ్లుగా ఆ పెదవులను చదివిన మనిషికి అర్థమయింది. ఒట్టిది నడపొద్దే, కొడుకుకు మంచిది కాదు, అన్నాడు.

కళ్లు దించుకుని నాడెను లోపల పెట్టాడు. పిడి లాగాడు.

సాంచా లేచింది. దాని చుట్టూ పెట్టిన మైకులు తీయాలని ఎవరికీ తోచలేదు. అసలు చప్పుడు మైదానమంతా నిండిపోయింది, రికార్డు చప్పుడు దాని కింద చీమలా అయిపోయింది. ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలలెత్తారు. మనోజ్ఞ పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగింది, నోరు తెరిచి ఉండిపోయింది.

క్రాంతికి తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది, ఆ తాళాన్ని పెంచినవాడే వాడు. తండ్రి వైపు చూశాడు. జనం వైపు చూశాడు. పోశమ్మ వైపు మాత్రం చూడలేదు. వాడి చెయ్యి పక్కనున్న లాప్‌టాప్ మీదికి పోయింది. ఆపడానికే, తండ్రిని ఆపమని చెప్పడానికే అనుకుంది ఆమె.

ఆ చెయ్యి రికార్డును ఆపింది. పొద్దున తన అరచేతిలో పడ్డ చెయ్యే అది.

ఇప్పుడు మైదానంలో ఉన్నది ఒక్క చప్పుడే. క్రాంతి కర్రలు తీసుకుని డ్రమ్ముల మీదికి తల వంచాడు.

ఒక దెబ్బ సరిగ్గా పడింది. సందు. ఇరవై వేల చప్పట్లు. రెండో దెబ్బ, ఆలస్యంగా.

మళ్లీ ఒకటి. సందు, చప్పట్లు. రెండోది, ఇంకాస్త ఆలస్యంగా.

పోశమ్మ నెత్తి మీది పిడికిలి దించలేదు. పెదవులతో లెక్కపెడుతోంది.

మళ్లీ ఒకటి. సందు. జనం చప్పట్లు కొట్టారు.

రెండో దెబ్బ పడలేదు.